బావ తల మీద బాతుల జెండా

మా బావ నోరు మూసుకుని కూర్చోగా నేను ఒక్కసారే చూశాను. దానికి సాక్షులు నేను, మా మామ, అరవై రెండు బాతులు.

బావ అంటే నా భార్యకు అన్న. పేరు పాన్ కార్సి, అంటే కార్సి తండ్రి. మా దీవిలో పెద్దబిడ్డ పుట్టాక తల్లిదండ్రుల సొంత పేర్లు జనం మర్చిపోతారు. అతని భార్య మెన్ కార్సి. నేను పాన్ సందత్, నా భార్య మెన్ సందత్. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. అవతల బావ మాట్లాడితే ఇవతల మా పొయ్యి మీద మూతలు కదులుతాయి.

నేను బాతుల్ని మేపుతాను. ఆ పనిలో మాటలతో అవసరం పడదు. పొడుగాటి వెదురుగడ చివర తెల్లగుడ్డ కట్టి, కోత అయిపోయిన మడిలో పాతితే చాలు. ఆ గుడ్డ కనిపించే మేరలోనే బాతులు రోజంతా తిరుగుతాయి. పొద్దు వాలేసరికి గడ చుట్టూ చేరి నా కోసం చూస్తాయి. నా కోసమేనని నేను అనుకునేవాణ్ణి. గడ పీకి భుజాన వేసుకుంటే వెనకాలే వచ్చేస్తాయి.

మా మామ పొలాల గుడికి పూజారి. మడులకు నీళ్ళు వదిలేముందు, నారు పోసేముందు, కోతకు ముందు ఆయన గంట మోగాలి. డెబ్బై ఎనిమిదేళ్ళొచ్చాయి. చెయ్యి వణుకుతోంది. మంత్రంలో గంట మోగకూడని చోట కూడా మోగుతోంది. అందుకని మా మౌనపండగ న్యెపి అయ్యాక వచ్చే పౌర్ణమికి గంట ఇంకొకరి చేతిలో పెట్టేస్తానన్నాడు.

ఆ చెయ్యి తనదే కావాలని బావ కోరిక. పదేళ్ళ వయసు నుంచి తండ్రి వెనక గంటపెట్టె మోసినవాడు. మంత్రాలన్నీ వచ్చు. పువ్వు ఏ వేళ్ళతో పట్టాలో, నీళ్ళు ఎటు చల్లాలో తండ్రికన్నా బాగా తెలుసు. లోపం ఒక్కటే. నాలుగేళ్ళ కిందట కోతపూజకి మామకి జ్వరమొస్తే బావ కూర్చున్నాడు. మంత్రం సగంలో ఆపి వెనక్కి తిరిగి, "ఒరే పాన్ తుబుహ్, నీ మడిగట్టు కారిపోతోందిరా, పొద్దున్నే చూశాను, చెబ్దామనుకుని మర్చిపోయాను" అన్నాడు. మళ్ళీ ఇటు తిరిగి మంత్రం అందుకున్నాడు. ఎక్కడ ఆపాడో సరిగ్గా అక్కడే అందుకున్నాడు. అది మాత్రం ఒప్పుకోవాలి.

మామ ఒప్పుకోలేదు. "గంటా మోగి నోరూ మోగితే దేవుడు దేన్ని వినాలిరా?" అన్నాడు. అప్పుడే షరతు పెట్టాడు. న్యెపి నాడు పొద్దు పొడిచినప్పటినుంచి పొద్దు గుంకేదాకా మాట లేకుండా, కళ్ళు తెరవకుండా, కూర్చున్నచోటు నుంచి లేవకుండా ఉండాలి. ఉంటే గంట కొడుకుది. ఉండలేకపోతే పై పేటలో ఉన్న తన తమ్ముడి కొడుకు పాన్ తంబిర్‌ది. పాన్ తంబిర్ ఎంతసేపైనా కదలకుండా కూర్చుంటాడు. నిద్రపోతాడని అందరికీ తెలుసు. కానీ నిటారుగా నిద్రపోతాడు.

మొదటి ఏడు బావ గంటసేపు కూర్చున్నాడు. తర్వాత కళ్ళు తెరవకుండానే, "వీధి తలుపు గడియ వేశారా?" అన్నాడు. వేసే ఉంది.

రెండో ఏడు మధ్యాహ్నందాకా లాగాడు. ఊళ్ళో అందరం ఊపిరి బిగపట్టుకున్నాం. అప్పుడు చూరులో పెద్దబల్లి అరిచింది. ఆ బల్లి అరుపును లెక్కపెట్టనివాడు మాలో ఉండడు. బేసిగా అరిస్తే మంచిది, ఏడుసార్లు అరిస్తే మరీ మంచిది. అది ఏడోసారి అరిచి ఆగింది. "ఏడు!" అని బావ పెద్దగా అన్నాడు. అని నోటి మీద చెయ్యి వేసుకున్నాడు. వేసుకుని లాభం లేదు.

మూడో ఏడే ఆఖరు అవకాశం. పండగ వారంలో ఉందనగా మామ అరుగు మీద కూర్చుని తమలపాకు దంచుకుంటున్నాడు. బావ వెళ్ళి ఎదురుగా కూలబడ్డాడు. నేను గోడ దగ్గర కొడవలి నూరుకుంటున్నాను.

"నాన్నా, నోరు మూయడం చేతకాక కాదు. లోపల వాగుతుంది. దాన్నేం చెయ్యను?"

"ఏం వాగుతుంది?"

"ఒకటా రెండా? కళ్ళు మూసుకోగానే వీధి తలుపు గుర్తొస్తుంది. తలుపు అయ్యాక పందికి తవుడు వేశారా అని. పంది అయ్యాక దాన్ని బేరమాడిన పాన్ తుబుహ్. వాడు పట్టుకుపోయి తిరిగివ్వని నా గునపం. ఆ గునపంతో తవ్వాల్సిన కాలవ. ఆ కాలవ పక్కనున్న కొబ్బరిచెట్టు. దాని కాయలు రెండు మొన్న లెక్కకి తగ్గాయి, అవి..."

"చాల్లేరా. నాకు తల తిరుగుతోంది." మామ ఆకు నోట్లో పెట్టుకున్నాడు. కొంచెం నమిలి అడిగాడు. "పండగ ముందురోజు సాయంత్రం ఏం చేస్తాం?"

"డబ్బాలు కొట్టి భూతాల్ని తరుముతాం."

"మర్నాడు?"

"పొయ్యి వెలిగించం, దీపం పెట్టం, పని చెయ్యం, వీధిలోకి రాం."

"ఎందుకూ?"

"ఈ దీవిలో ఎవరూ లేరనుకుని భూతాలు దాటిపోవాలని."

"నీ తలకాయ కూడా అంతేరా. ఏదొచ్చినా గుమ్మందాకా వస్తుంది. తరమకు, పిలవకు. లోపల ఎవరూ లేరనుకుంటే దానంతట అదే పోతుంది. ఆ చోటు ఖాళీ అయితే గంట చప్పుడుకి కాస్త చోటు దొరుకుతుంది."

బావ చాలాసేపు ఆలోచించాడు. "లోపల నేనుంటాను కదా నాన్నా?"

"ఉండకు."

బావ నా వైపు చూశాడు. నేను కొడవలి వైపు చూశాను.

"సాక్షిగా అల్లుణ్ణి పెడతాను. ఎలాగూ ఆ రోజు వీధి కాపలా వాడిదే. వాడు నోరు తెరిచి ఏడాదయింది" అన్నాడు మామ.

మొన్ననే అన్నం అడిగాను. అది చెప్పలేదు.

పండగ ముందురోజు సాయంత్రం భూతాల్ని తరిమే పనిలో మా పేటలో బావే ముందు. పగిలిన కుండలు, నూనె డబ్బాలు, కొబ్బరిమట్టల కాగడాలు. కుర్రాళ్ళు కట్టిన భూతం బొమ్మకి ఆ ఏడు ఆరు చేతులు, ఒక చేతిలో సెల్‌ఫోను. బావ ఒక చేత్తో కాగడా పట్టుకుని రెండో చేత్తో డబ్బా వాయిస్తూ వంటింటి మూల నుంచి వీధి దాకా కేకలేసుకుంటూ వచ్చాడు. "పోండి! పోండి! పంది పాకలో ఎవడున్నాడు, నువ్వూ పో!" ఏడాది మొత్తానికి ఉన్న కేకలన్నీ ఆ సాయంత్రమే ఖర్చు పెట్టేయాలని అతని ఎత్తు. ఆ హడావిడిలో కాగడా తలకి తగిలి తలగుడ్డకి చారెడు చిల్లు పడింది. అది మల్లెపువ్వులాంటి తెల్లగుడ్డ, ధ్యానానికని ప్రత్యేకంగా ఉతికి దాచుకున్నది.

తెల్లవారకముందే నేను గళ్ళపంచె కట్టుకుని, కర్ర పట్టుకుని కాపలాకి బయలుదేరాను. బాతులదొడ్డి తలుపుకి తాడు కట్టాననే అనుకున్నాను. మొదట బావ ఇంటికి వెళ్ళి చూశాను. వీధి తలుపు దాటగానే అడ్డుగోడ, దాని వెనక వాకిలి, తూర్పున పైకప్పున్న ఎత్తరుగు. బావ అప్పటికే దాని మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళంతా తెల్లబట్టలు, తలకి తెల్లగుడ్డ, కళ్ళు మూత. పడమటి అరుగు మీద మామ. మెన్ కార్సి అక్క పిల్లల్ని తీసుకుని లోపలి గదిలో ఉంది. అంతా బాగుంది. బయటికి వస్తూ తలుపు దగ్గరికి వేశాను. దాని గడియ ఇనపది, వేస్తే వీధి చివరకి వినపడుతుంది. పండగపూట ఆ చప్పుడెందుకని వెయ్యకుండా వదిలేశాను.

అది నేను చేసిన రెండో తప్పు. మొదటిది దొడ్డి తాడు.

ఎండెక్కింది. వీధి చివర మూడుదారుల దగ్గర నిలబడ్డాను. వీధిలో మనిషి లేడు. మోటారుసైకిలు లేదు, పొగ లేదు. అలవాటైన మనుషులు కనపడక కుక్కలు ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. ఆ రోజు వీధిలోకి ఎవరూ రాకుండా చూడటమే నా పని.

అప్పుడు మా సందులోంచి బాతులు వచ్చాయి.

బారు కట్టి, వీధి మధ్యలోంచి, తొందరేమీ లేకుండా వచ్చాయి. ముందు ముసలిది, చివర కుంటిది. రోజూ ఆ వేళకి గడ ముందు నడిచేది. ఆ వేళ గడ రాలేదు. అందుకని అదే వెతుక్కుంటూ బయలుదేరాయి. ఊళ్ళో ఎవ్వరూ వీధిలోకి రాని ఆ ఒక్కరోజున వీధిలోకి వచ్చినవి కాపలావాడి బాతులే.

కర్ర అడ్డం పెట్టాను. కర్ర చివరకి చూశాయి. గుడ్డ లేదు. నన్ను చుట్టి రెండు పాయలుగా వెళ్ళిపోయాయి. రెండేళ్ళుగా అవి ఎవరి వెనక నడుస్తున్నాయో నాకు అప్పుడు అర్థమైంది.

అదిలిస్తే అరుస్తాయి. అరవై రెండు బాతులు ఒక్కసారి అరిస్తే పక్క ఊరి భూతాలు కూడా వెనక్కి తిరుగుతాయి. చేతులు ఊపుకుంటూ, కాళ్ళు ఈడ్చుకుంటూ, నేను వాటి వెనక నడిచాను. ప్రతి ఇంటి ముందూ ఆగి మెడలెత్తి లోపలికి చూస్తాయి, లేదనుకుని ముందుకు పోతాయి. ఒక తలుపు సందులోంచి ముసలి దాదొంగ్ రెణి, అంటే రెణి నాయనమ్మ, గుసగుసలాడింది. అవ్వకి ఎనభై దాటాయి, నోటికి మాత్రం ఇంకా ఇరవయ్యే.

"ఏవయ్యా పాన్ సందత్, బాతులకి పండగ లేదా?"

"ష్!"

"నేను మెల్లగానే అడిగాను. నువ్వే అరుస్తున్నావు."

తలుపు మూసుకుంది. లోపల ఎవరో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వడం వినిపించింది.

బావ ఇంటి ముందు బాతులు ఆగాయి. గాలికి తలుపు బార్లా తెరుచుకుని ఉంది. అడ్డుగోడ పైనుంచి కనిపించే ఎత్తరుగు, అరుగు మీద కదలకుండా నిలువునా ఒక తెల్లటి ఆకారం, దాని కొసన తెల్లగుడ్డ. అరవై రెండు మెడలు ఒక్కసారి నిటారుగా లేచాయి.

నేనూ చూశాను. ఆ గుడ్డ అంచున నీలం రంగు మాసిక ఉంది. మా సందత్ బడి పావడా ముక్కతో నా భార్య వేసిన మాసిక. అది నా జెండా.

అడ్డుగోడ కట్టేది భూతాల కోసం. భూతాలు తిన్నగా తప్ప నడవలేవు, గోడకి కొట్టుకుని వెనక్కి పోతాయి. బాతులకి పక్కకి తిరగడం వచ్చు.

నేను లోపలికి వెళ్ళేసరికి సగం బాతులు అరుగు చుట్టూ చేరిపోయాయి. మిగతావి మూడు మెట్లూ ఎక్కి బావ మోకాళ్ళ దగ్గర సర్దుకుంటున్నాయి. తడికాళ్ళతో చప్ చప్ మని అడుగులు, గొంతులో సన్నగా ఏదో గొణుగుడు. బావ కనుబొమలు పైకి లేచాయి. కళ్ళు మాత్రం తెరవలేదు. మరీ గట్టిగా మూసుకున్నాడు.

మామ నన్ను చూశాడు. నేను మామని చూశాను. తోలనా అని చేత్తో అడిగాను. వద్దని వేలు ఊపాడు. తోలినా పోవని ఇద్దరికీ తెలుసు. జెండా ఉన్నచోట పొద్దు గుంకేదాకా ఉంటాయి. నేను అడ్డుగోడకి ఆనుకుని కూర్చున్నాను.

బావ ముఖం మీద చెమట పట్టింది. పెదవులు ఒకసారి విడిపోయాయి. అయిపోయింది అనుకున్నాను. అవి మళ్ళీ కలుసుకున్నాయి. ఒక బాతు అతని చిటికెనవేలు కొరికి చూసింది. అతని ఒళ్ళంతా ఒక్కసారి జల్లుమంది, అంతే. ఆ తర్వాత కాసేపటికి భుజాలు కిందికి దిగాయి. నుదుటి మీద గీతలు ఒక్కొక్కటే పోయాయి. మా బావ ముఖంలో అన్ని గీతలుండేవని అవి పోయాకే తెలిసింది. ఇంటిల్లిపాదీ ఊరెళ్ళిపోయి తలుపులు వేసిన ఇంటిలా ఉంది ఆ ముఖం.

మధ్యాహ్నమైంది. మా కుంటి బాతు సంగతి చెప్పాలి. అన్నీ తెల్లవారుజామున గుడ్లు పెడితే అది మధ్యాహ్నం పెడుతుంది. మెత్తటి చోటు కోసం అరుగంతా తిరిగింది. చివరికి బావ ఒళ్ళో ఎక్కి తెల్లపంచె మడతల్లో కూర్చుంది. కొంచెం ముక్కింది. లేచి పక్కకి జరిగింది. ఒళ్ళో గుడ్డు. బావ రెండు చేతులూ మెల్లగా వచ్చి దాన్ని కప్పాయి. కుంటిది ఆ చేతుల మీదే మళ్ళీ సర్దుకుని కూర్చుంది.

మామ పైపంచె చెంగు నోట్లో కుక్కుకున్నాడు.

అప్పుడు చూరులో పెద్దబల్లి అరిచింది.

ఒకటి. బాతులన్నీ పైకి చూశాయి. రెండు. మూడు. మామ వేలు మోకాలి మీద లెక్కపెడుతోంది. నేనూ లెక్కపెడుతున్నాను. నాలుగు. అయిదు. బావ పెదవుల వంకే ఇద్దరం చూస్తున్నాం. ఆరు. ఏడు.

బల్లి ఆగింది. ఊరంతా ఎక్కడా చప్పుడు లేదు. బావ పెదవి కదల్లేదు. అతని ఒళ్ళోంచి కుంటి బాతు మెడ పైకెత్తి, "క్వాక్" అంది. ఒక్కసారే.

మామ నోట్లో చెంగు ఊడిపోయింది. ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత పొట్టలోంచి. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి అరుగు మీద పక్కకి ఒరిగిపోయి, తొడలు కొట్టుకుంటూ, పళ్ళు లేని నోరంతా తెరిచి హహ్హహ్హా అని నవ్వాడు. ఆయన నలభై న్యెపిల్లో ఒక్క దగ్గు కూడా దగ్గి ఎరగడు. ఆ నవ్వు వీధి దాటింది, కాలవ దాటింది. పై పేటలో పాన్ తంబిర్‌కి మెలకువ వచ్చిందని తర్వాత చెప్పారు.

బావ కదల్లేదు.

పొద్దు గుంకింది. బాతులు నా వైపు చూశాయి. ఆ వేళకి గడ పీకాలి. నేను అరుగెక్కి బావ రెక్క పట్టుకుని లేపాను. లేచాడు. కళ్ళు మూసుకునే ఉన్నాడు. రెండు చేతుల మధ్యా గుడ్డు. మెట్లు దింపి, అడ్డుగోడ తిప్పి, పక్కనే ఉన్న మా ఇంటికి నడిపించాను. వెనకాల బారుగా బాతులు. అతని చెయ్యి మంచులా ఉంది. అడుగు మాత్రం తడబడలేదు. దొడ్డిలోకి తీసుకెళ్ళి నిలబెట్టాను, బాతులు లోపలికి వచ్చాయి, తాడు కట్టాను. ఈసారి రెండు ముడులు వేశాను. అప్పుడు అతని తలగుడ్డ విప్పాను.

బావ కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు. బాతుల్ని చూశాడు. చేతుల్లో గుడ్డుని చూశాడు. నోరు తెరుచుకుంది. పందెం పొద్దు గుంకేదాకానే అయినా పండగ తెల్లారేదాకా ఉంది. నా చెయ్యి సిద్ధంగా పెట్టుకున్నాను. అవసరం పడలేదు. నోరు దానంతట అదే మూసుకుంది.

తెల్లారి మొదటి కోడి కూయగానే గోడ అవతలి గొంతుకి మా పొయ్యి మీద మూతలు కదిలాయి.

"వీధి తలుపు గడియ ఎవడు వెయ్యలేదు?"

అందరం మామ వాకిట్లో చేరాం. ఆ రోజు ఇళ్ళకి వెళ్ళి తప్పులు ఒప్పుకోవడం మా ఆచారం. తలుపు తప్పూ తాడు తప్పూ నావేనని చెప్పాను. అంత పొడుగు మాట నా నోట విని మామ ఆశ్చర్యపోయాడు. బావ అందుకున్నాడు.

"నువ్వా బావా! గడియ చప్పుడు వినపడలేదు, నాకు తెలుసు! నువ్వు బయటికెళ్ళావు, తలుపు కిర్రుమంది, గడియ మాత్రం టక్కుమనలేదు. టక్కు ఏదీ, టక్కు ఏదీ అని పొద్దుటినుంచీ లోపల కుమ్మేసింది. వచ్చింది, గుమ్మంలో నిలబడింది. నేను తరమలేదు, పిలవలేదు. పోతుందిలే అనుకుంటుంటే అప్పుడొచ్చాయి భూతాలు!"

"ఏ భూతాలు అన్నా?" అంది నా భార్య.

"ఏంటే అలా అడుగుతావ్? బాతులని సాయంత్రం కళ్ళు తెరిచాకేగా తెలిసింది! పొట్టివి. వందకి తక్కువుండవు. తడికాళ్ళు. గొణుక్కుంటూ వచ్చి నా చుట్టూ కూర్చున్నాయి. ముందురోజు నేనేగా అందరికన్నా గట్టిగా తరిమింది, పగబట్టి నన్నే వెతుక్కుంటూ వచ్చాయనుకున్నాను. ఒకటి నా వేలు రుచి చూసింది! ఇంక నాన్న చెప్పింది గుర్తొచ్చింది. లోపల ఎవరూ లేరనుకుంటే పోతాయి. సరే, ఎవరూ లేరు అనుకున్నాను. పంది లేదు, గునపం లేదు, కొబ్బరికాయలు లేవు. ఒక్కొక్కటే బయటికి పంపించేశాను. ఆఖరికి నేనొక్కణ్ణే మిగిలాను. నేనుంటే తినేస్తాయి కదా? అందుకని నేనూ బయటికెళ్ళిపోయాను."

"బయట ఎలా ఉంది?" అన్నాడు మామ.

బావ ఆగాడు. అతను మాట వెతుక్కోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

"చల్లగా ఉంది నాన్నా. పెద్దగా ఉంది. బల్లి అరిచింది. ఎన్నిసార్లో తెలీదు."



"ఒళ్ళో వెచ్చగా గుడ్డు పెడితే?" అంది మెన్ కార్సి అక్క.

"భూతం ఏదో దానమిచ్చింది, పుచ్చుకుందాం అనుకున్నాను. తర్వాత పెద్దభూతం నవ్వింది చూడు, అమ్మో! అదీ దాని పాటికి అది నవ్వుకుంటుందిలే అనుకున్నాను."

మామ గొంతు సవరించుకున్నాడు. "ఆ పెద్దభూతాన్ని నేనేరా."

అప్పుడు ఆడవాళ్ళ గొడవ మొదలైంది. తలగుడ్డ సంగతి నా భార్య తేల్చింది.

"వదినా, గోడ మీద ఆరేసిన గుడ్డ అడక్కుండా ఎలా తీశావు?"

"నువ్వు మా గోడ మీద ఎందుకు ఆరేశావు? మీ అన్న గుడ్డ కాలిపోయింది, చీకట్లో తెల్లగా కనపడింది, కట్టాను. ఏం, మంచి గుడ్డేగా?"

"మంచి గుడ్డే. బాతుల జెండా."

మెన్ కార్సి అక్క ముఖం పాలిపోయింది. తల అంటే మాకు గుడితో సమానం. "బాతుల మీద ఎగిరే గుడ్డ మనిషి తలకా! పూజారి అవ్వాల్సిన తలకా! అయిపోయింది. మామయ్యా, పందెం చెడిపోయినట్టేనా?"

బావ ముఖం వాడిపోయింది. అతను నోరు తెరవకుండా తండ్రి వైపు చూశాడు.

మామ ఆ గుడ్డ అడిగి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి నీలం మాసిక తడిమాడు. "రెండేళ్ళు గాలిలో ఎత్తున ఉంది. ఉతికి ఉంది. దీన్ని చూస్తూ అరవై ప్రాణాలు చెప్పకుండానే చెప్పినచోట ఉంటున్నాయి. మా గుళ్ళో గొడుగుకి కూడా అంత భక్తి దొరకట్లేదు. గుడ్డకి దోషం లేదు." నా వైపు తిరిగాడు. "అల్లుడూ, నిన్న కాపలా నీదే కదా. ఈ ఇంట్లో మౌనం చెడింది. ఎవరు చెడగొట్టారో సాక్ష్యం చెప్పు."

నేను చెప్పక తప్పలేదు. "మీరే మామా."

"నేనే. మౌనం చెడగొట్టినవాడు గంట పట్టుకోకూడదు. కాబట్టి పౌర్ణమి దాకా ఆగే పని కూడా లేదు." లోపలికెళ్ళి పెట్టె తెచ్చి బావ ముందు పెట్టాడు. "తియ్యి."

బావ గంట తీశాడు. అతని చేతిలో అది మోగలేదు. మోగించేదాకా మోగలేదు. మామ అది చూసి తల పంకించాడు.

తప్పు కింద మామ పేట అందరికీ ఒక పూట గుడ్ల కూర పెట్టాలని పెద్దలు తీర్మానించారు. గుడ్లు నావి.

పౌర్ణమికి బావ ఊరందరి ముందూ పూజారి అయ్యాడు. మాటలేమీ తగ్గలేదు. పొద్దున లేస్తే పంది, గునపం, కొబ్బరికాయలు, అన్నీ తిరిగొచ్చాయి. నారుపోత పూజలో మంత్రం సగమయ్యేసరికి బావ భుజం కొంచెం వెనక్కి తిరిగింది. పాన్ తుబుహ్ ఇవతల కూర్చుని, తన గట్టు గురించే అయ్యుంటుందని తలదించుకున్నాడు. సరిగ్గా అప్పుడు గుడి పక్క మడిలోంచి ఒక బాతు గొణిగింది. బావ భుజం ముందుకి తిరిగింది. కళ్ళు మూసుకున్నాడు. ముఖంలో గీతలు పోయాయి. మంత్రం చివరిదాకా గంటొక్కటే వినపడింది.

అప్పటినుంచి పూజరోజున బాతుల్ని గుడి పక్కనే మేపమని పెద్దలు నాకు చెప్పారు. జెండా గుడ్డ బావ తిరిగివ్వలేదు, పూజకి అదే తలకి కట్టుకుంటాడు. నేనూ అడగలేదు. గడకి కొత్తగుడ్డ కట్టాను. మామూలు రోజుల్లో దాని వెనక నడుస్తాయి. పూజరోజున మాత్రం నేను గడ అందుకునేలోపే బయలుదేరి వెళ్ళిపోతాయి. గడ భుజాన వేసుకుని నేనే వాటి వెనక నడుస్తాను.